తునికాకు నేర్పిన కత్తిరింపు

నేను చెప్తుంటే నా కూతురు రాస్తున్నది. రాసింది రాసినట్టు చదివి వినిపించమని కూడా చెప్పాను. ఏం రాసిందో చూసి నేను చెప్పలేను మరి. కాగితం మీది అక్షరాలు నాకు చాటలో పోసిన నువ్వుల్లా ఉంటాయి. చాట కొంచెం ఊపితే నువ్వులు ఎలా జరుగుతాయో అవీ అలాగే జరుగుతాయి. అరవై దాటాక కళ్లకు ఆపరేషన్ అయింది. డాక్టరు మంచి అద్దాలు ఇచ్చాడు. నువ్వులు ఇంకా తేటగా కనిపించాయి, అంతే. జరగడం మాత్రం మానలేదు.

సిరిసిల్లలో బట్టలు కుట్టే ఒక కంపెనీలో, కటింగ్ హాలులో పనిచేసి రిటైరయ్యాను. మొన్న అక్కడ కొత్తగా చేరిన ఆడపిల్లలు ఇద్దరు మా ఇంటికొచ్చారు. వాళ్లలో ఒకమ్మాయి అడిగింది: "అవ్వా, అచ్చరం రాకుంట గంత పెద్ద హాల్ల ఎట్ల నెగ్గుకచ్చినవ్? మాకు పదో తరగతి అయినా చిట్టీలు రాసుడంటే భయమైతది."

నాకు నవ్వొచ్చింది. నెగ్గుకు రాలేదు పిల్లా, బయటికి పోయే తలుపు దాకా పోయాను. ఆ తలుపు దగ్గర నుంచి నన్ను వెనక్కి తెచ్చినవాళ్లు ముగ్గురున్నారు. వాళ్ల గురించి చెప్పాలనే ఇది రాయిస్తున్నాను.

నేను పుట్టింది కోరుట్లలో. నాలుగో తరగతి దాకా బడికి పోయాను. ప, వ, ష మూడూ నాకు ఒకే తల్లి పిల్లల్లా కనిపించేవి. నిన్న గుర్తుపట్టిన అక్షరం ఇవాళ కొత్త మనిషిలా నిలబడేది. రెండు అంకె రాయమంటే అద్దంలో కనిపించే రెండు రాసేదాన్ని. సారు చెడ్డవాడు కాదు. తొడపాశం పెట్టి, మళ్లీ తనే పలక తుడిచి ఇచ్చేవాడు. చివరికి మా అమ్మను పిలిపించి, "పిల్లకు తెలివున్నది గని చదువు మీద మనసు లేదమ్మా" అన్నాడు. మనసు ఎంత పెట్టానో నాకు తెలుసు. దాన్ని తీసి చూపించే దారి లేకపోయింది.

అమ్మ నన్ను బడి మాన్పించి ఒడిలో చాట పెట్టింది. మా వాడలో ఆడవాళ్లందరి ఒడిలోనూ చాట ఉండేది. బీడీలు చేసేవాళ్లం. తడి గోనెలో చుట్టి పెట్టిన తునికాకు పొద్దున్నకి మెత్తబడుతుంది. దాని మీద చిన్న ఇనుప రేకు పెట్టి, రేకు చుట్టూ కత్తెర తిప్పాలి. నడిమి ఈనె రాకూడదు, చిల్లు రాకూడదు, అంచు చిరగకూడదు. ఇచ్చిన ఆకులోనే చెప్పినన్ని బీడీలు రావాలి. మిగతావాళ్లు రేకును ఆకు మీద అటూ ఇటూ జరిపి చూసుకునేవాళ్లు. నాకు ఆ అవసరం ఉండేది కాదు. ఆకు చేతిలోకి తీసుకోగానే రేకు ఎక్కడెక్కడ పడుతుందో ఎవరో ముందే గీత గీసి పెట్టినట్టు కనిపించేది. వాళ్లు రెండు ముక్కలు తీసే ఆకులో నేను మూడు తీసేదాన్ని. పురుగు కొట్టిన ఆకులన్నీ అందరూ నా చాటలోకి విసిరేవాళ్లు.

"అచ్చరం కానరాదు గని ఆకుల చిల్లు ఎట్ల కానస్తదే నీకు?" అని అమ్మ ఆశ్చర్యపోయేది.

"ఆకు కదలది గదమ్మా" అనేదాన్ని.

నన్ను పెగడపల్లి మనిషికిచ్చి చేశారు. ఆయన సిరిసిల్లలో మరమగ్గాల మీద పని చేసేవాడు, కాపురం అక్కడే పెట్టాం. నాకు చదువు రాదని ఆయనకు పెళ్లయిన వారానికే తెలిసింది. పెగడపల్లి పోదామని జగిత్యాల బస్టాండులో నన్ను నిలబెట్టి, "నేను సోడా తాగొస్త, బస్సొస్తే ఎక్కి సీటు పట్టు" అన్నాడు. బోర్డు చివర 'పల్లి' ఆకారం చూసి నేను మేడిపల్లి బస్సెక్కి, కిటికీ పక్కన దర్జాగా కూర్చున్నాను. బస్సు కదిలింది. ఆయన చేతిలో సోడా సీసాతో బస్సు వెంట ఉరికాడు, సోడా కొట్టాయన సీసా కోసం ఆయన వెంట ఉరికాడు. నన్ను దింపాక తిట్టలేదు. కాసేపు వగర్చి, "ఇగ సంది చదువుడు నా పని, యాదికుంచుకునుడు నీ పని" అన్నాడు.

బతికినంత కాలం అట్లాగే నడిచింది. కరెంటు కాగితమైనా దవాఖాన చిట్టీ అయినా ఆయన చదివేవాడు. ఏ కాగితం ఏ పెట్టెలో ఏ మడతలో ఉందో నేను చెప్పేదాన్ని. జ్వరమొచ్చి పది రోజుల్లో పోయాడు. మనిషి పోయిన దుఃఖం ఒకటైతే, ఇంట్లో ప్రతి కాగితమూ మూగదైపోవడం ఇంకొకటి. బిడ్డకు అప్పటికి పన్నెండేళ్లు.

బట్టల కంపెనీలో ఆడవాళ్లను తీసుకుంటున్నారంటే పోయాను. ఎంత చదివావని అడిగితే ఏడో తరగతి అన్నాను. అది అబద్ధమే. కుట్టు రాదు కాబట్టి కటింగ్ హాలులో వేశారు.

అక్కడ పని ఎట్లా ఉంటుందో కొంచెం చెప్తే గానీ నా తప్పు మీకు అర్థం కాదు. పొడుగాటి బల్ల మీద బట్టను పొరల మీద పొరలుగా పరుస్తారు. పై పొర మీద మార్కర్ అనే కాగితం వేస్తారు. చొక్కాకు కావలసిన ముందు భాగాలు, వీపు, చేతులు, కాలరు, జేబు అన్నీ దాని మీద గీసి ఉంటాయి. ఆ గీతల వెంట కరెంటు కత్తి పోతుంది. కోసిన ముక్కలను కట్టలు కట్టి, ఒక్కో కట్ట మీద సైజు రాసిన చిట్టీ పెట్టి కుట్టేవాళ్లకు పంపాలి. మోయడం, పరచడం, కట్టడం నాకు ఆటలా ఉండేవి. చిట్టీ దగ్గరే ప్రాణం పోయేది.

మా హాలుకు పెద్ద కటింగ్ మాస్టరు. ఉర్దూ మాట్లాడే ఇంటి మనిషి, జగిత్యాలలో తండ్రి దర్జీ దుకాణంలో కూర్చుని పని నేర్చుకున్నాడు. అందరం మాస్టర్ సాబ్ అనేవాళ్లం, నన్ను ఆయన బహెన్ అనేవాడు. నా పక్కన పనిచేసే ఆమె రోజూ ముస్తాబాద్ నుంచి ఆటోలో వచ్చేది. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరం వదినె అని పిలుచుకునేవాళ్లం. మొదటి వారంలోనే నా గుట్టు ఆమెకు దొరికిపోయింది.

"వదినె, పెన్ను పట్టిన తీరు సూస్తే పాము తోక పట్టినట్టున్నది. ఇటియ్యి" అని నా చేతిలోంచి లాక్కున్నది.

"ఎవ్వలకు చెప్పకు వదినె."

"నేనెందుకు చెప్త? నాకు నడుము నొప్పి ఉన్నదని నువ్వు చెప్తవా?"

అంతే. ఆ రోజు నుంచి నా చిట్టీలు ఆమె రాసేది, ఆమె మోయాల్సిన బట్ట చుట్టలు నేను మోసేదాన్ని. మూడేళ్లు ఎవరికీ తెలియకుండా గడిచిపోయింది.

ఒక ఎండాకాలం బడిపిల్లల చొక్కాల పని వచ్చింది. బడులు తెరిచే నాటికి అన్నీ చేరాలి. హాలులో ఊపిరి తీసుకునే తీరిక లేదు. సరిగ్గా అప్పుడే ఒక రోజు వదినె రాలేదు. వాళ్ల చిన్న పిల్లకు జ్వరం. ఆ రోజు జేబుల కట్టలు నా చేతికొచ్చాయి. అన్నిటికన్నా చిన్న సైజు ఇరవై నాలుగు, అన్నిటికన్నా పెద్దది నలభై రెండు. రెండింట్లోనూ ఉండేవి అవే రెండు అంకెలు. ఏది ముందు, ఏది వెనక? గోడ మీది సైజుల పట్టిక చూశాను, తల తిప్పి చిట్టీ మీద రాశాను. తల తిప్పేలోపే అవి చోటు మార్చుకున్నాయి. నాకు మాత్రం ఆ సంగతి తెలియదు. ఎవరి సాయం లేకుండా రాశానని సాయంత్రం దాకా లోపల లోపల మురిసిపోయాను.

రెండు రోజుల తర్వాత ఇస్త్రీ బల్ల దగ్గర ఒకటే నవ్వులు. ఒకటో తరగతి పిల్లవాడి చొక్కాకు సంచి లాంటి జేబు కుట్టి ఉంది.

"గీ జేబుల పలక, బలపం, సద్దిడబ్బ అన్ని పడ్తయే!"

"పోరడు సుత గండ్లనే పండుకోవచ్చు."

పెద్ద చొక్కాలకేమో అగ్గిపెట్టె కూడా పట్టని జేబులు. కుట్టినవాళ్లను అడిగితే, "మాకు అనుమానమచ్చింది మేడం, గని చిట్టీ మీద గట్లనే ఉండె" అన్నారు. కంటికి కనిపించే జేబు కన్నా చిట్టీ మీది మాటే గట్టిది. మా హాలులో అదే చట్టం.

సూపర్వైజర్ మేడం జగిత్యాల అమ్మాయి. బట్టల చదువు చదివి వచ్చింది. నా కన్నా పదిహేనేళ్లు చిన్న, పని దగ్గర మాత్రం ఎవరినీ వదలదు. ఆ చిట్టీలు పట్టుకుని నేరుగా మా బల్ల దగ్గరకు వచ్చింది.

"ఇవి ఎవరు రాసిన్రు?"

"నేనే మేడం."

"సోయి ఏడ పెట్టి రాసినవ్ అక్కా? ఇరవై నాలుగుకు నలభై రెండుకు తేడ తెల్వదా? ఇగో కాగితం. నా ముంగట రాయి. ఇరవై నాలుగు."

హాలంతా ఆగింది. కరెంటు కత్తి కూడా ఆపేశారు. నేను పెన్ను గట్టిగా పట్టుకుని, నెమ్మదిగా, ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసిచ్చాను. ఆమె కాగితం చూసింది, నా ముఖం చూసింది. మళ్లీ తప్పే రాశానని, తప్పు రాసినట్టు నాకు తెలియలేదని ఆమెకు అర్థమైంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. ఆ కాగితం మడిచి డైరీలో పెట్టుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. తిట్టు అక్కడితో అయిపోతుంది కదా.

మరునాడు అన్నం వేళ ఆమె వచ్చి నా పక్కన కూర్చున్నది. అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

"నిన్న అందరి ముంగట రాయించిన. నాది తప్పయింది అక్కా."

"తప్పు రాసింది నేను గద మేడం."

"మా తమ్ముడు గిట్లనే రాస్తుండె. మా నాయిన కొట్టి కొట్టి అలిసిపోయిండు. ఆఖరికి హైదరాబాద్ల ఒక డాక్టరమ్మకు చూపిచ్చినం. గిది తెలివి తక్కువుండుడు కాదట, బద్దకం అంతకన్న కాదట. అచ్చరాలను మెదడు పట్టుకునే తీరే వేరుంటదట. డిస్లెక్సియా అంటరు దీన్ని."

"రోగమా మేడం?"

"రోగం గాదక్కా, తీరు. గంతే."

"మరి మీ తమ్ముడిప్పుడు ఏం చేస్తుండు?"

"బోరు మోటర్లు బాగుచేస్తడు. సప్పుడు ఇని లోపల ఏం పోయిందో చెప్తడు. నలుగురైదుగురు మెకానిక్కులు ఇడిచిపెట్టినయి ఆయన తానికే అస్తయి. పుస్తకం సదువుమంటే మాత్రం ఇప్పటికి దూపైతుందంటడు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఇన్నేళ్లూ నేను మొద్దుతనం అనుకున్నదానికి వేరే పేరుందని ఆ రోజు తెలిసింది. ఆ పేరు నాకు అప్పుడూ నోరు తిరగలేదు, ఇప్పుడూ తిరగదు. కానీ మా సారు తొడపాశం, అద్దంలోని రెండు, మేడిపల్లి బస్సు అన్నీ ఒక్కొక్కటే వచ్చి నా పక్కన కూర్చున్నట్టయింది. మనసు లేక కాదన్న మాట మా అమ్మ వినకుండానే పోయింది. నేనైనా విన్నాను. మేడంకు నేను ఆ ఒక్క మాటకే జీవితాంతం రుణపడి ఉన్నాను.

ఆమె ఇంకా లేవలేదు. చెప్పాల్సింది ఇంకొకటుందని అర్థమైంది.

"పై ఆఫీసుల మాట్లాడిన అక్కా. చిట్టీ రాయనోళ్లకు హాల్ల పని లేదంటున్రు. గీ చొక్కాల పని ముగిసేదాకనే ఉంచుతరట. సైజుకొక రంగు దారం కడితే చిట్టీ తప్పినా దారం చెప్తదని చెప్పి చూసిన. ఒక్కామె కోసం పద్ధతి మారుస్తమా అన్నరు."

నా బిడ్డ అప్పుడు పదో తరగతి పరీక్షలు రాసి కూర్చుంది. నర్సు చదువు చదువుతానని అప్పటికే మా వాడ అంతటా చెప్పుకుంటున్నది. ఈ పని పోతే మళ్లీ చాటే దిక్కు. చాట నాకు నామోషీ కాదు. కానీ అప్పటికే బీడీల జర్దా వాసనకు ఊపిరి ఆడేది కాదు. చిన్నప్పటి నుంచీ మింగిన దుమ్ము గొంతులో పేరుకుపోయింది, నా గొంతు బొంగురు దానిదే. కూర్చుని చేసే ఆ పనీ ఇక చేయలేను, రాసే పనీ రాదు. ఇంటికి పోయి బిడ్డకు ఆ సంగతి చెప్పలేదు. వదినెకు చెప్తే, "నేనా దినం రాకుండుడే తప్పు" అని ఆమె ఏడ్చింది. నేనే ఓదార్చాల్సి వచ్చింది.

నన్ను బల్ల దగ్గర నుంచి తీసేసి, మూలన కూర్చుని పేలికలు ఏరమన్నారు. అట్లా వారం పైనే గడిచింది. చివరి బట్ట వచ్చింది. అది కోసేస్తే పని ముగిసినట్టే, నా పని కూడా.

మాస్టర్ సాబ్ మొదటి పొర పరిచి, మార్కర్ కాగితం వేసి, "యా అల్లా" అన్నాడు. కాగితం బట్టను దాటి బల్ల మీదికొచ్చింది. బట్ట వెడల్పును మేం పన్నా అంటాం. ఆ బట్టకు పన్నా నాలుగు వేళ్లు తక్కువ. మగ్గం మీదే తక్కువ వచ్చిందో, తడి తగిలి ముడుచుకుందో, ఇక అడిగి లాభం లేదు. అంచున గీసిన చేతులూ కాలర్లూ సగం బట్ట మీద, సగం గాలిలో ఉన్నాయి.

మేడం ఫోన్ మీద ఫోన్ చేసింది. ఈ పన్నాకు సరిపోయే కొత్త కాగితం హైదరాబాద్ నుంచి రావాలంటే నాలుగు రోజులు. లారీ ఎల్లుండి పొద్దున కదలాలి. అంచు ముక్కలు వేరేగా కోద్దామంటే బట్ట చాలదు. కొన్ని బడుల పిల్లలకు చొక్కాలు లేకుండా పోతాయి.

నేను మూలన కూర్చుని అదంతా చూస్తున్నాను. బల్ల అంచు మీద వేలాడుతున్న ఆ కాగితం చూస్తుంటే నాకు బట్ట కనిపించడం మానేసింది. ఒక పక్క పురుగు తినేసిన పెద్ద తునికాకు కనిపించింది. లేచి వెళ్లాను.

"మాస్టర్ సాబ్, అట్ట ముక్కలు ఒకసారి ఇస్తరా?"

చొక్కా ముక్కల ఆకారంలో కత్తిరించిన అట్టలు ఆయన దగ్గర ఉంటాయి. వాటిని చూసే కాగితం మీద గీస్తారు.

"ఏం జేస్తవ్ బహెన్?"

"నేల మీద పేర్చి చూస్త."

"నలభై ఏండ్ల సంది కత్తి పడుతున్న. నాకు పట్టనియి నీకు పడ్తయా?"

కోపంతో అనలేదు, అలసిపోయి అన్నాడు. వదినె మాత్రం ఊరుకోలేదు. "ఇయ్యున్రి సాబ్, మీ అట్టలేమన్న అరిగిపోతయా?" అన్నది. ఆయన నవ్వి, అట్టలు తెచ్చి నా చేతికిచ్చాడు.

నేల మీద చాక్‌పీసుతో రెండు గీతలు గీయించుకున్నాను. పన్నా అంతే. పొడుగు ఎక్కడ దాటకూడదో అక్కడ ఒక అడ్డగీత. ఒక పెద్ద చొక్కా, ఒక చిన్న చొక్కా ఆ గీతల మధ్య ఇమడాలి. ఏ సైజులో తెలుసా? అవే, నలభై రెండు, ఇరవై నాలుగు. పాత కాగితంలో పెద్ద చొక్కా ముక్కలన్నీ ఒక కొసన, చిన్నవన్నీ ఇంకో కొసన విడివిడిగా ఉండేవి. చూడడానికి పద్ధతిగా ఉంటుంది. బీడీ ఆకు కోసేవాళ్లకు ఆ పద్ధతి లేదు. ఎక్కడ సందుంటే అక్కడికి పోవాలి. పెద్ద చొక్కా చంకవంపులో చిన్న చొక్కా చేయి పెట్టాను. మెడ గుంతలో కాలరు పెట్టాను. అరగంటలో అన్నీ గీతల లోపలికి వచ్చేశాయి. చుట్టూ నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

మాస్టర్ సాబ్ కూర్చుని ఒక్కో అట్ట మీద వేలు పెట్టి చూశాడు. రెండు చోట్ల వేలు ఆగింది.

"బహెన్, గీ చొక్కకు ముందు భాగాలు రెండు ఒక్క చేతివే. పిల్లగానికి రెండు ఎడమలుంటయా?"

చప్పట్లు కొట్టినవాళ్లే నవ్వారు. నాకు కుడి ఏది ఎడమ ఏది అంటే ఇప్పటికీ బువ్వ తినే చేయి చూసుకుని చెప్పాలి. పైగా బీడీ ఆకుకు కుడీ ఎడమా లేదు. ఎటు తిప్పి చుట్టినా బీడీయే. అలవాటు కొద్దీ, ఇమడలేదని ఒక అట్టను బోర్లా తిప్పేశాను. మళ్లీ వెనక్కి తిప్పితే పక్కనున్న చేయి మీదకు ఎక్కుతున్నది. మేడం గడియారం చూసింది. "ఇగ సాలు, లేవరాదె" అని ఎవరో అన్నారు. అదే గొంతు నేను అంకె తప్పు రాసిన రోజు నవ్విన గొంతు.

లేవబోయాను. మాస్టర్ సాబ్ నా ముందు అట్లాగే కూర్చుని, చాక్‌పీసు తీసి ప్రతి అట్టకూ ఒక ముఖం మీద పెద్ద సున్న గీశాడు.

"ఎడమ కుడి మర్చిపో బహెన్. జతల ఒకదాని సున్న పైకుండాలె, ఇంకోదానిది కిందికుండాలె. గంతే. నీ కన్ను నాకు లేదు, నా లెక్క నీకు లేదు. ఇగ కానియ్యి."

నలభై ఏళ్ల పనివాడు పదిమంది ముందు ఆ మాట అన్నాడు. అట్లా అనాలంటే ఎంత పెద్ద మనసుండాలో నాకు ఇప్పుడు ఇంకా బాగా తెలుస్తున్నది.

అట్టలన్నీ తీసేసి మళ్లీ మొదలుపెట్టాను. చిల్లున్న ఆకును మంచి వైపు నుంచి కోయకూడదు. చిల్లు పక్క నుంచే మొదలుపెట్టాలి, లేదంటే చివరికి చిల్లే మిగులుతుంది. కాబట్టి ఈసారి నాలుగు వేళ్లు తగ్గిన అంచు నుంచి వచ్చాను. పెద్ద చొక్కా ముందు భాగాలను రెండు కొసలకూ విడదీసి ఎదురెదురుగా పెట్టాను. ఒకదాని సున్న పైకి, ఇంకోదానిది కిందికి. మధ్యలో వీపు. దాని వంపుల్లో చిన్న చొక్కా సర్దుకున్నది, తల్లి పక్కన పిల్ల పడుకున్నట్టు. కళ్లు మూసుకుంటే అట్టలు వాటంతటవే తిరిగి చూపించేవి. కాగితం మీద అక్షరాలు తిరిగినప్పుడు ఏడిపించిన ఆ తిప్పుడే ఇక్కడ నాకు పని చేసిపెట్టింది. ఆఖరున రెండు మూలల్లో రెండు సందులు మిగిలాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చేతిలో రెండు జేబులున్నాయి.

"చూసి పెట్టు వదినె, మల్ల తారుమారయితయి" అన్నది మా వదినె. ఈసారి నేను కూడా నవ్వాను.

మాస్టర్ సాబ్ ఒక్కో జతనూ తాకుతూ "పైకి, కిందికి... పైకి, కిందికి" అని జపం చేసినట్టు చూసుకుంటూ పోయాడు. మేడం టేపు పెట్టింది. అడ్డగీత దాకా పోయి, ఇంకా బొటనవేలంత బట్ట మిగిలింది. నమ్మకం కోసం ఒక్క పొర కోసి పెద్దదీ చిన్నదీ ఒక్కో చొక్కా కుట్టించారు. చిన్న చొక్కాకు చిన్న జేబు, పెద్దదానికి పెద్ద జేబు. అప్పుడు మాస్టర్ సాబ్ కరెంటు కత్తి ఆడించాడు. బట్ట మొత్తం సరిపోయింది. లారీ చెప్పిన పూట కదిలింది.

కోయబోయే ముందు ఒక చిన్న సంగతి జరిగింది. నేను పేర్చింది కాగితం మీదికి ఎక్కించాక, కింద మార్కర్ వేసినవాళ్ల పేరు పడాలి. అది రివాజు. మేడం పెన్సిల్ నాకిచ్చింది.

"నాకు రాదు మేడం. మీకు ఎర్కనే గద."

"పేరే రాయాల్నని ఎవరన్నరు? నీకచ్చింది గియ్యి అక్కా."

ఒక తునికాకు గీశాను. నడుమ ఈనె, పక్కన ఒక చిన్న చిల్లు. మేడం దాని కింద ఏమీ రాయలేదు. అట్లాగే చుట్టి, చేతిలో పట్టుకుని పై ఆఫీసుకు పోయింది. అక్కడ ఏం మాట్లాడిందో నాకు ఇప్పటికీ చెప్పలేదు. తిరిగొచ్చి ఆరు రంగుల దారం ఉండలు మా బల్ల మీద పెట్టింది. చిన్న సైజుకు ఎర్రది, పెద్దదానికి నల్లది, మధ్యవాటికి మిగతావి. "రేపటి సంది బల్ల తానికే రా అక్కా" అన్నది. ఒక్కామె కోసం పెట్టిన ఆ దారాలు హాలు మొత్తానికీ అలవాటయ్యాయి. చదువుకున్నవాళ్లు కూడా చిట్టీ చూసే ముందు దారం చూసేవాళ్లు.

ఆ రోజు వదినెతో కలిసి ఆటో దాకా నడిచాను. ఆమె నడుము పట్టుకుని, "ఇగ నా సుట్టలు ఎవలు మోస్తరే?" అన్నది. "నేనే. చిట్టీ బాకీ తీరేదాక మోస్త" అన్నాను. రిటైరయ్యేదాకా మోశాను.

ఇది వరం అని మీకు చెప్పను. బస్టాండులో ఇప్పటికీ పక్కవాళ్లను అడిగే బస్సెక్కుతాను. మందు సీసా మీద ఏముందో నా బిడ్డ చెప్తేనే మింగుతాను. బిడ్డ ఇప్పుడు ఇక్కడే సిరిసిల్లలో నర్సు. అక్షరం రాకపోవడం కష్టమే. కానీ మీలో ఎవరికైనా అట్లా అక్షరాలు జరిగితే, సిగ్గుతో చేతులు దాచుకోకండి. ఆ చేతులకు ఏం వచ్చో ముందు చూసుకోండి. రానిదాన్ని పక్కవాళ్లను అడగండి. నాకు వదినె చిట్టీ ఇచ్చింది, మాస్టర్ సాబ్ సున్న ఇచ్చాడు, మేడం నా తీరుకు పేరు చెప్పింది. మాస్టర్ సాబ్ ఇప్పుడు లేడు. ఆయన గీసిన సున్న అట్ట ఒకటి నా పెట్టెలో ఉంది.

మొన్న వచ్చిన ఆడపిల్లలు ఒక సంగతి చెప్పారు. ఇప్పుడు మార్కర్లన్నీ కంప్యూటర్లో వేస్తున్నారట. పన్నా తగ్గిన బట్ట వస్తే మాత్రం పాతదొకటి తెరుస్తారట. మేడం ఎప్పుడో దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, పేరు పెట్టి పోయిందట.

"ఏం పేరు?" అని అడిగాను.

"ఆకు అనే ఉంటది అవ్వా. ఎందుకో మాకు తెల్వది."

వాళ్లు పోయాక నా బిడ్డను ఆ పేరు రాసి చూపించమన్నాను. పెద్దగా, రెండక్షరాలు రాసి నా ఒడిలో పెట్టింది. చాలాసేపు చూశాను. ఎప్పటిలాగే కొంచెం కదిలాయి. ఏది ముందో ఏది వెనకో తేల్చుకునేదాకా ఆగాను. తర్వాత వేలు పెట్టి, ఒక్కొక్కటే, పైకి చదివాను.